ఓడ దిగి నడిచే ముందు: ఎవరి తోట, ఎవరి రేవు? (భాగం 9)

"నడిచి చూడదగ్గవి." క్రూయిజ్ కంపెనీల బ్రోచర్లలో, యూట్యూబ్ ట్రావెల్ వీడియోల్లో ఈ మాట తరచూ కనపడుతుంది. ఓడ పొద్దున్నే రేవులో ఆగుతుంది, సాయంత్రానికి వెళ్ళిపోతుంది. మధ్యలో దొరికే ఏడెనిమిది గంటల్లో ఏం చూడాలి? ఒక తోట, ఒక మార్కెట్టు, ఒక మ్యూజియం, నీళ్ళ ఒడ్డున ఒక కాఫీ. మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఓడ దిగిన వాళ్ళ చేతికి వచ్చే లిస్టు కూడా దాదాపు ఇదే.

ఈమధ్య మన తెలుగు మధ్యతరగతి కూడా మారిషస్ బాగానే పోతోంది. "అక్కడ ఉగాదికి గవర్నమెంటు సెలవంట, అంతా మనవాళ్ళేనంట" అని మురిసిపోతూ పోస్టులు పెడుతున్నారు. ఆ మురిపెంతో నాకు తగాదా లేదు. నాకున్నది ఒకటే ప్రశ్న. మనవాళ్ళంటే ఎవరు? ఏ వీధివాళ్ళు? ఊళ్ళో ఉన్నప్పుడు "మీవాళ్ళు, మావాళ్ళు" అని గీత గీసినవాళ్ళకు, సముద్రం అవతల 190 ఏళ్ళ తర్వాత అందరూ "మనవాళ్ళు" ఎట్లా అయ్యారు?

సరే, నడుద్దాం. ఆ లిస్టు పట్టుకునే నడుద్దాం.

రేవు దగ్గర ప్లాస్ డార్మ్ అనే చోట వరుసగా తాటిజాతి చెట్లు, వాటి ముందు సముద్రం వైపు చూస్తూ ఒక విగ్రహం. అది మహే ద లా బూర్డొనే. 1735 నుంచి ఈ దీవికి ఫ్రెంచి గవర్నరు. పోర్ట్ లూయిస్ రేవును కట్టించినవాడని పేరు. 1746లో ఇక్కడి నుంచే నౌకలు తీసుకుపోయి ఇంగ్లీషువాళ్ళ దగ్గర్నుంచి మద్రాసును పట్టుకున్నది కూడా ఇతనే. "కట్టించినవాడు" అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కట్టించడం వేరు, కట్టడం వేరు. రాళ్ళు మోసింది మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ తీరం నుంచి, కొంతమంది మన దేశం నుంచి కూడా తెచ్చిన బానిసలు. మన ఊళ్ళో చెరువు తవ్వించిన దొర పేరు శాసనం మీద ఉంటుంది, తవ్వినవాడి పేరు ఎక్కడుంటుంది? ఇదీ అదే లెక్క.

అక్కడికి దగ్గర్లోనే కంపెనీ తోట. పెద్ద పెద్ద మర్రిచెట్లు, ఊడలు, బెంచీలు, విగ్రహాలు. చల్లగా ఉంటుంది. ఈ కంపెనీ ఏ కంపెనీ? ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ. పక్కనే ఉన్న నేచురల్ హిస్టరీ మ్యూజియంలో డోడో పక్షి అస్థిపంజరం పెట్టారు. కాడన్ వాటర్‌ఫ్రంట్‌లోని బ్లూ పెన్నీ మ్యూజియంలో 1847 నాటి రెండు తపాలా బిళ్ళలు ఉన్నాయి. వెలుతురు తగిలితే రంగు పోతుందని వాటికి గంటలో కొద్దిసేపే లైటు వేస్తారు. పక్షి ఎముకను, కాగితం ముక్కను అంత శ్రద్ధగా కాపాడుకున్న ఊరు అది. మంచిదే, కాపాడుకోవాలి. కానీ అదే 1847లో అదే రేవులో దిగిన మనుషుల గురించి ఎంతసేపు ఆగి చూస్తున్నాం?

ఇక అందరూ వెళ్ళే పెద్ద తోట పాంప్లెమూస్. ఊరికి పదకొండు కిలోమీటర్ల దూరం, బస్సుగానీ టాక్సీగానీ ఎక్కాలి. పళ్ళెమంత ఆకులు కాదు, మనిషి పడుకోగలిగినంత ఆకులున్న అమెజాన్ తామరలు అక్కడి ఆకర్షణ. అందరూ అక్కడే ఫోటో దిగుతారు. ఈ తోటకు పేరు తెచ్చినవాడు పియెర్ ప్వావ్ర్. డచ్చివాళ్ళు ఎవరికీ దక్కనివ్వకుండా మలుకు దీవుల్లో దాచుకున్న జాజికాయ, లవంగం మొక్కలను 1770లో దొంగచాటుగా తెప్పించాడు. అంటే మనం అందమైన తోట అనుకుంటున్నది ఒక వ్యాపార యుద్ధంలో ప్రయోగశాల. ఏ మొక్క ఏ దీవిలో బతుకుతుంది, ఏ పంట ఎంత లాభం తెస్తుంది అని లెక్క చూసుకున్న చోటు. ఆ లెక్కలో పాదులు తవ్వి నీళ్ళు మోసిన చేతులు బానిసలవి.

ఆ తోటలో శ్రీతాళం చెట్లు కూడా ఉన్నాయి. ఆ చెట్టు దశాబ్దాల పాటు బతికి, ఒక్కసారే పూసి, చచ్చిపోతుంది. మన దగ్గర తాళపత్ర గ్రంథాలు రాసిన ఆకుల్లో దాని ఆకు ఒకటి. ఆ ఆకు మీద రాసింది చదివే హక్కు మన తాతలకు లేదు. చెట్టు ఎక్కి ఆకు కోసే పని మాత్రం ఉంది. తోటను చూసే కన్ను అందరికీ ఒకటి కాదు అని నేను చెప్పేది ఇందుకే.

నమ్మకం కలగకపోతే పక్క దీవికి పోదాం. చాలా క్రూయిజులు మారిషస్ తర్వాత రీయూనియన్‌లో ఆగుతాయి. అక్కడా "వెనిల్లా తోట చూడండి" అంటారు. వెనిల్లా తీగ మెక్సికోది. తెచ్చి నాటితే పూసేది గానీ కాసేది కాదు. యూరప్ పండితులు తలలు పట్టుకున్నారు. 1841లో ఎడ్మాండ్ అనే పన్నెండేళ్ళ బానిస కుర్రాడు సన్నని పుల్లతో, బొటనవేలితో పువ్వును చేత్తో పరాగ సంపర్కం చేసే పద్ధతి కనిపెట్టాడు. ఈరోజు ప్రపంచంలో వెనిల్లా సాగంతా ఆ పిల్లవాడి వేలి మీదే నడుస్తోంది. ఒక ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త అది నా విద్యే అన్నాడు. 1848లో బానిసత్వం రద్దయ్యాక ఎడ్మాండ్‌కు ఆల్బియస్ అనే ఇంటిపేరు ఇచ్చారు. 1880లో అతను పేదరికంలో చనిపోయాడు. చదువు మాది, చాకిరీ మీది అనే మాట ఎంత పెద్ద అబద్ధమో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి పాఠం తెలియదు.

ఇప్పుడు పోర్ట్ లూయిస్ రేవు దగ్గరకే మళ్ళీ వద్దాం. బ్రిటిష్‌వాళ్ళు 1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వాన్ని రద్దు చేశారు. తమ సామ్రాజ్యం మొత్తంలో ఇచ్చిన నష్టపరిహారం 2 కోట్ల పౌండ్లు. ఎవరికి? బానిసలకు కాదు, యజమానులకు. మారిషస్ దొరల వాటా 20 లక్షల పౌండ్ల పైమాటే. మరి చెరకు ఎవరు నరకాలి? 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది దిగారు. కలకత్తాలో ఎక్కించిన కొండప్రాంతపు కూలీలు, ఆదివాసులు. అక్కడితో మొదలై 1920ల దాకా దాదాపు 5 లక్షల మంది భారతీయులు ఆ రేవులో దిగారు. వాళ్ళు దిగిన డిపోను ఒకప్పుడు కూలీ ఘాట్ అనేవారు. ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్. 2006 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం.

అందులో తెలుగువాళ్ళు ఉన్నారు. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల వాళ్ళు. కోరంగి రేవులో ఓడ ఎక్కినందుకు వాళ్ళకు కోరంగీలు అని పేరు పడింది. 1832-33లో గుంటూరు సీమను నందన కరువు ఊడ్చేసింది. 1839లో కోరంగిని ఉప్పెన ముంచేసింది. పొలం ఉన్నవాడు ఓడ ఎక్కడు. అప్పుకు పాలేరుగా కట్టుబడ్డవాడు, కరువులో గంజి దొరకనివాడు ఎక్కుతాడు. మాల, మాదిగ, ఇంకా అనేక శ్రమ కులాలవాళ్ళు ఎక్కారు. సముద్రం దాటితే కులం పోతుందని వణికినవాళ్ళు ఎవరు? పోగొట్టుకోవడానికి కులగౌరవం ఉన్నవాళ్ళు. మనకు ఆ భయం ఎందుకు?

అయితే మిత్రులారా, ఒక జాగ్రత్త. ఓడ ఎక్కడమే విముక్తి అని చెప్పేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఐదేళ్ళ ఒప్పందం, నెలకు ఐదు రూపాయల జీతం. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. దాన్ని "డబుల్ కట్" అనేవారు. ఒప్పందం అయిపోయినా వదల్లేదు. 1867 చట్టం ప్రకారం పాత కూలీ తన ఫోటో అంటించిన టికెట్ ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి. పాసు లేకుండా వేరే జిల్లాలో కనపడితే దేశదిమ్మరి అని పట్టుకుపోయేవారు.

"నడిచి చూడదగ్గవి" అనే మాట ఇప్పుడు మళ్ళీ చదవండి. టూరిస్టు చేతులూపుకుంటూ నడిచే దారిలో ఆ కూలీ నడవడమే నేరం! నడక అందరికీ ఉచితంగా వచ్చింది కాదు. చెప్పులు చేతపట్టుకుని అగ్రహారం దాటినవాళ్ళ పిల్లలకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

వాళ్ళు ఊరుకున్నారా? లేదు. 1871లో తొమ్మిది వేల మందికి పైగా కూలీలు ఒక అర్జీ మీద సంతకాలు, గుర్తులు పెట్టారు. అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్లవాడు వాళ్ళ పక్షాన నిలబడ్డాడు. తోటి దొరలు అతని మీద విరుచుకుపడ్డారు. కానీ 1872లో రాయల్ కమిషన్ వేయక తప్పలేదు. 1875లో వచ్చిన రిపోర్టు కూలీల గోడును చాలావరకు నిజమని తేల్చింది. చదువురాని తొమ్మిది వేల మంది ఒక కాగితంతో సామ్రాజ్యాన్ని మాట్లాడించారు. హాస్టల్ మెస్ గురించి అర్జీ రాస్తే ఏమవుతుందిలే అనుకునే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇది గుర్తుపెట్టుకోండి.

ఘాట్‌కు నడక దూరంలోనే 18వ శతాబ్దపు మిలిటరీ ఆసుపత్రి ఉంది. అందులో 2023లో బానిసత్వ మ్యూజియం తెరిచారు. మన టూరిస్టులు ఘాట్ దగ్గర "మన పూర్వీకులు" అని దండం పెట్టి, ఈ మ్యూజియం గుమ్మం ఎక్కకుండా వెనక్కి తిరిగితే అది సగం చరిత్ర. ఆఫ్రికా, మడగాస్కర్ బానిసల వారసులైన క్రియోల్ ప్రజలు ఆ దేశంలో ఈరోజుకీ వెనకబడే ఉన్నారు. 1999 ఫిబ్రవరిలో కాయా అనే క్రియోల్ గాయకుడు పోలీసు కస్టడీలో చనిపోతే దీవి అట్టుడికిపోయింది. 2011లో ట్రూత్ అండ్ జస్టిస్ కమిషన్ బానిసత్వం, ఒప్పంద కూలీతనం మిగిల్చిన గాయాల మీద రిపోర్టు ఇచ్చింది. భారత సంతతివాళ్ళు మెజారిటీగా ఉన్న దేశంలో క్రియోల్ పిల్లవాడి కష్టం అర్థం చేసుకోలేని దళిత ఉద్యమం మనకు వద్దు. రక్తం చూసి కాదు, గాయం చూసి చుట్టరికం కలుపుకోవాలి.

కులం అక్కడికి రాలేదా? వచ్చింది. ఓడలో ఒకే గంజి తాగిన మనుషుల మధ్య నిలబడలేకపోయినా, భూములు కొనుక్కునే రోజులొచ్చాక మెల్లగా లేచింది. హిందూ కులవర్గాల లెక్కలు ఆ దేశ ఎన్నికల్లో నేటికీ వినపడతాయి. డిపో రిజిస్టర్లలో తండ్రి పేరు, ఊరు, ఒంటి మీద మచ్చలు, కులం అన్నీ రాసుకున్నారు. కాగితం మరిచిపోలేదు. మరిచిపోయినట్టు నటిస్తున్నది మనమే. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లో జరిగాయి. తెలుగు ఎల్లలు దాటిందని గర్వపడ్డాం. దాటించింది పండితులు కాదు, తట్టా పారా పట్టిన కూలీలు. మారిషస్ కవి ఖాల్ తొరాబుల్లి "కూలీ" అనే తిట్టును తీసుకుని "కూలిట్యూడ్" అనే గర్వం చేశాడు. దళిత అనే మాటను జెండా చేసుకున్న మనకు ఆ పని విలువ తెలుసు.

ఇంకొక మాట. మిమ్మల్ని రేవులో దించిన ఓడలో గదులు ఊడ్చేది, వడ్డించేది ఎవరు? ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మన దేశం పిల్లలు. నెలల తరబడి కాంట్రాక్టు. అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారమే వారానికి 72 గంటల దాకా పని చేయించుకోవచ్చు. చాలా ఓడలకు పనామా, బహామాస్ జెండాలు. ఒప్పందం అనే మాట పాతబడలేదు, యూనిఫాం మార్చుకుంది అంతే.

"సెలవు మీద పోయినవాళ్ళకు ఈ బరువంతా ఎందుకు?" అని కామెంట్లలో కొందరు అడుగుతారు. నేను వెళ్ళొద్దు అనడం లేదు. చెరువు నీళ్ళు తాగడానికి 1927లో మహాడ్‌లో దెబ్బలు తిన్న జాతి మనది. తోటలో కూర్చోవడం, చెట్టు నీడలో కబుర్లు చెప్పుకోవడం, ఓడ ఎక్కి లోకం చూడడం మన పిల్లల హక్కు. సంపాదించి వెళ్ళండి. తామరాకుల ముందు ఫోటో దిగండి. దాల్ పూరీ తినండి. కానీ నడిచే వరస మార్చండి. ముందు బానిసత్వ మ్యూజియం, తర్వాత ఘాట్ మెట్లు, ఆ తర్వాతే తోట. ఆ వరసలో వెళ్తే తోట అందం తగ్గదు. దాన్ని పెంచినవాళ్ళు కూడా కనపడతారు.

వెళ్ళలేనివాళ్ళకు కోరంగి దగ్గరే ఉంది. కాకినాడ పక్కన మడ అడవుల్లో చెక్కదారి మీద ఇప్పుడు టూరిస్టులు నడుస్తున్నారు. ఆ దారిలో ఓడ ఎక్కినవాళ్ళ కథ చెప్పే రాయి ఒకటి, మన స్కూలు పుస్తకాల్లో వాళ్ళ మీద పాఠం ఒకటి ఉండాలి. ఇది డిమాండుగానే పెడదాం. చరిత్ర, సోషియాలజీ చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో ఎవరైనా ఆ రిజిస్టర్ల మీద పరిశోధన చేయండి. కులం గడి దాటేసి చదవకండి.

వచ్చే భాగంలో బర్మా వెళ్ళిన కోరంగీల గురించి రాస్తాను.

జై భీమ్.