తవుడు గేదెకు, గంజి పంచెకు

కిందటేడు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఒక చిన్న సంఘటన జరిగింది. సీసాలోంచి అయొడిన్ ద్రావణం వంచుతుంటే నా చెయ్యి వణికి రెండు చుక్కలు నా కోటు మీద, ఒక చుక్క పక్కనున్న మిత్రుడి కోటు మీద పడ్డాయి. వాడి కోటు మీద గోధుమరంగు మరక అయింది. నా కోటు మీద మాత్రం సిరా ఒలికినట్టు నల్లటి నీలం. డిమాన్‌స్ట్రేటరుగారు అటువైపు వస్తూ చూసి, "ఏమయ్యా, ఇండికేటరు ఫ్లాస్కులో వెయ్యమంటే కోటుకు పట్టించావా?" అన్నారు. బ్యాచ్ అంతా నవ్వారు. "కాదండీ, మా అమ్మ గంజి పెట్టిందండీ" అన్నాను. ఇంకా నవ్వారు. బల్లమీదున్న హైపో రెండు చుక్కలు వేస్తే మరక పోయింది గాని, ఆ నవ్వు మాత్రం నాతో హాస్టలు దాకా వచ్చింది.

మేము తూచి, మరిగించి, చల్లార్చి వాడే స్టార్చి ద్రావణమూ, మా అమ్మ అన్నం వార్చి తీసే గంజీ ఒకటేనని రెండేళ్లుగా నాకు తట్టనేలేదు. పరీక్షలో అడిగితే రాసేవాణ్ణే. మనకు తెలిసిన సైన్సు ల్యాబు గుమ్మం దాటి బయటకు రాదు. దాని గురించే ఈ నాలుగు మాటలు.

మాది గోదావరి డెల్టాలో వరి పండించే కుటుంబం. బట్టలుతికే విద్యలో మా అమ్మ ముందు నేను ఫస్టియరుకు కూడా పనికిరాను. హాస్టల్లో చేరిన మొదటివారం కొత్త ఎర్ర తువ్వాలును తెల్లచొక్కాలతో కలిపి నానబెట్టి, ఆ ఏడాదంతా గులాబీరంగు చొక్కాలతో క్లాసుకు వెళ్లిన ఘనుణ్ణి నేను. హాస్టలు బోరునీళ్లలో సబ్బు నురగ రాక పెరుగు విరిగినట్టు తెట్టు కడితే, సబ్బు నకిలీదని కొట్టువాడితో తగాదా పెట్టుకున్నాను. నీటిలోని కాల్షియం సబ్బుతో కలిసి కరగని లవణం అవుతుందని అప్పటికే చదివాను, ఈక్వేషను కూడా వచ్చు. అయినా తగాదా పెట్టుకున్నాను! ఆదివారం ఇంటికెళ్లి చెబితే అమ్మ, "ఉప్పునీళ్లకు సబ్బేం చేస్తుందిరా, ముందు కాస్త చాకలిసోడా వేసి నానబెట్టు" అంది. సోడా ఆ కాల్షియాన్ని ముందే పట్టేసుకుంటుంది, తరవాత సబ్బుకు పని తేలిక. అమ్మకు ఈక్వేషను రాదు, పని వచ్చు.

అలాగే నెత్తుటి మరక మీద వేణ్నీళ్లు పొయ్యనివ్వదు, చన్నీళ్లలోనే నానబెడుతుంది. వేడికి నెత్తురులోని ప్రొటీను గడ్డకట్టి నూలుపోగుల్లో పట్టుకుంటుంది గదా. పట్టుచీరెకు సోడా తగలనివ్వదు, కుంకుడురసమే. పట్టూ ప్రొటీనే, క్షారం దాన్ని తినేస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ నాకు క్లాసులో పాఠంగా చెప్పలేదు. చెప్పిన పాఠాల్లోంచి నేనే తెలుసుకోవలసింది, తెలుసుకోలేదు.

ఇంతవరకూ అమ్మదే పైచెయ్యి. వంటింట్లోకి వచ్చేసరికి మాత్రం అమ్మా తప్పే, మా నాయనమ్మ తరం తరవాతి వాళ్లందరూ తప్పే అని నా అభిప్రాయం.

మా ఇంట్లో బియ్యం మూడు నీళ్లు తెల్లగా తేలేదాకా కడుగుతారు. నాట్ల రోజుల్లో కూలీలకు కూడా వండాలి కనుక పెద్ద గిన్నెలో ఎసరు ఎక్కువ పెట్టి, ఉడికాక వారుస్తారు. బి-విటమిన్లు నీళ్లలో కరిగేవి. కడుగునీళ్లతో కొన్ని, గంజితో మరికొన్ని వెళ్లిపోతాయి. నాయనమ్మ కాలంలో ఆ గంజి తరవాణి కుండలోకి చేరి మర్నాడు పొద్దున మళ్లీ కడుపులోకే వచ్చేది. ఇప్పుడు తరవాణి అంటే నామోషీ. గంజి నాన్న పంచెకూ, నా ల్యాబుకోటుకూ పోతోంది, మిగిలింది కుడితిలోకి.

అసలు మరలోనే సగం పోతుందనుకోండి. జాతీయ పోషకాహార సంస్థ వారి పాత పట్టికల్లో నూరు గ్రాముల దంపుడు బియ్యంలో 0.21 మిల్లీగ్రాముల థయమిన్ ఉంటే, మరబియ్యంలో 0.06 మాత్రమే. తవుడులో 2.7. ఆ తవుడు మా గేదె తింటుంది. తవుడు గేదెకు, గంజి పంచెకు, తెల్లన్నం మాకు. పండించేది మేమే!

ఇది వట్టి అంకెల గోల కాదు. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డాక్టరు, పాలిష్ బియ్యం తిన్న కోళ్లు కాళ్లు చచ్చుబడటమూ, తవుడు పెడితే లేచి తిరగటమూ గమనించాడు. 1929లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మనుషుల్లో ఆ జబ్బు పేరు బెరిబెరి. మన ఉత్తర సర్కారు జిల్లాలు ఒకప్పుడు దానికి పేరుపడ్డ ప్రాంతాలే. ఉప్పుడు బియ్యం తినే తమిళులు చాలావరకు దాన్ని తప్పించుకున్నారు. ధాన్యం ఉడకబెట్టినప్పుడు పొట్టులోని విటమిను గింజలోకి దిగుతుంది కనుక. హైదరాబాదులోని పోషకాహార సంస్థ కూడా 1918లో కూనూరులో ఒక్క గదిలో, బెరిబెరి విచారణ కోసం పుట్టిందే. మన రోగం మీద పుట్టిన శాస్త్రం మన వంటింటికి రావడానికి నూరేళ్లు చాలలేదు.

ఇక నా అసలు సంగతి చెబుతాను. పోయిన వేసవిలో మా ఊళ్లో వైద్యశిబిరం పెడితే అమ్మకు రక్తపరీక్ష చేశారు. హీమోగ్లోబిన్ పన్నెండు ఉండవలసింది, ఎనిమిది ఉంది. ఆ సంవత్సరమే నేను హీమోగ్లోబిన్ నిర్మాణం గీసి, నడుమ ఇనుప అణువును ఎర్రసిరాతో దిద్ది, పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకున్నాను. ఇంట్లో మా అమ్మ రెండంతస్తుల మెట్లెక్కితే ఆయాసపడుతోందని మాత్రం నేను చూడలేదు. వయసనుకున్నాను. ఆవిడకు నలభైమూడేళ్లు.

గంజి తాగితే రక్తం పడుతుందని నేను అనను, గంజిలో ఇనుము ఉండేది స్వల్పం. అమ్మ విషయంలో లోపాలు వేరే. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తింటుంది. తోటకూర వేపుడు నాన్నకూ నాకూ వడ్డించాక ఆవిడకు మిగిలేది పచ్చడి మెతుకులు. తిన్నవెంటనే టీ. టీ ఇనుమును ఒంటబట్టనివ్వదు, నిమ్మరసమైతే పట్టనిస్తుంది. ఆరోగ్యకేంద్రంవాళ్లు ఇచ్చిన ఇనుము మాత్రలు, విరేచనం నల్లగా అవుతోందని భయపడి బియ్యపుడబ్బా వెనుక దాచింది. అలా అవడం మామూలేనని ఒక్కరు చెబితే సరిపోయేది. ఇంట్లో బి.యస్సీ. చదివే కొడుకు ఉన్నాడు.

రేషన్ బియ్యం కథ మరీ విచిత్రం. 2021లో ప్రకటించి, 2024 మార్చి నాటికల్లా ప్రభుత్వం రేషన్ బియ్యంలో నూటికి ఒకటి చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి-12 కలిపిన గింజలు చేర్చింది. బియ్యప్పిండితోనే చేస్తారు, రంగులో కొద్దిగా తేడా ఉంటుంది. అవి ప్లాస్టిక్ బియ్యమని ఊళ్లో పుకారు. అమ్మ అరుగుమీద కూర్చుని, చత్వారపు కళ్లజోడు పెట్టుకుని, చేటలోంచి వాటినే ఒక్కొక్కటి ఏరి పారేసేది. రాళ్లతోబాటు పారేసిన ఆ గింజలు ఎన్నోసార్లు నా కళ్లముందే కోళ్లకు పోయాయి. ఐక్‌మన్ కోళ్లలాగా మా కోళ్లు కూడా అదృష్టవంతులే!

మా అమ్మ ఒక్కతే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత. ఈ సంచిక చదువుతున్న ప్రతి మిత్రుడూ ఇంటికెళ్లి లెక్క చూసుకోవచ్చు.

ఇవన్నీ నేర్పే సబ్జెక్టు ఒకటుంది. హోమ్‌సైన్సు. కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు కమ్యూనిటీ సైన్సు అంటున్నారు. పేరు ఏదైనా మన దృష్టిలో అది ఆడపిల్లల "వంట సబ్జెక్టు". మా చెల్లెల్ని బంధువులు, "అది తీసుకోవే, పెళ్లికి పనికొస్తుంది" అన్నారు. అది లెక్కల గ్రూపు తీసుకుని, "కావలసింది నాకు కాదు, అన్నయ్యకు" అంది. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు రావడం లేదు.

వాషింగ్ మిషన్లు, రైసు కుక్కర్లు వచ్చాక ఇవన్నీ ఎందుకని ఒక మిత్రుడు వాదించాడు. మిషన్లో కూడా బోరునీళ్లే పోస్తాం. ఇంట్లో ఎవరు చివర తింటారన్నది కుక్కరు చూడదు.

కనుక యూనియన్‌వారికి నా విన్నపం: వారానికి ఒక గంట, మొదటి సంవత్సరం విద్యార్థులందరికీ, బి.ఏ., బి.కాం., బి.యస్సీ. తేడా లేకుండా, అబ్బాయిలకు తప్పనిసరిగా ఈ పాఠాలు పెట్టించండి. మార్కులు వద్దు. మార్కులుంటే మనం గైడు కొంటాం. ఒక బకెట్టు బోరునీళ్లు, కాస్త సోడా, ఒక కిలో బియ్యం, ఒక తూకపుయంత్రం చాలు. లెక్చరర్లు కూడా వస్తే సంతోషమే, తప్పుగా అనుకోవద్దు. మెస్ కమిటీ కూడా ఒకసారి మెస్ వెనుక కాలువలో రోజూ పారే గంజిని చూసి రావాలి. అది మన మెస్ బిల్లులోని డబ్బే.

దసరా సెలవుల్లో అమ్మను వార్చడం మాని అత్తెసరు పెట్టమన్నాను. అత్తెసరంటే మనకు మార్కులే గుర్తొస్తాయి గాని, నీళ్లు కొలిచి పోసి, వార్చకుండా వండటం. "అత్తెసరు పెడితే నీ కోటుకు గంజెక్కడిదిరా?" అంది. కోటుకు వద్దన్నాను. మాత్రలు నేను ఎదురుగా కూర్చుంటే వేసుకుంది. టీ మాత్రం మానలేదు, గంట ఆగి తాగుతోంది.

ఇప్పుడు నా కోటు కాస్త నలిగే ఉంటోంది. డిమాన్‌స్ట్రేటరుగారు ఒకటి రెండుసార్లు చూశారు గాని ఏమీ అనలేదు. సంక్రాంతి సెలవుల్లో అమ్మకు మళ్లీ రక్తపరీక్ష చేయించాలి.