‘టిక్కు’మంటే చాలదు

అటక మీదనో, పాత సామాన్ల అంగడిలోనో ఒక ఫిలిం కెమేరా మీ చేతికి దొరికిందనుకోండి. మీట నొక్కితే ‘టిక్కు’మంటుంది. “చూశారా, బ్రహ్మాండంగా పనిచేస్తోంది!” అంటాడు అమ్మేవాడు. అంతమాత్రాన నమ్మకండి. షట్టరు కదిలిందని ఆ చప్పుడు చెబుతుందే గాని, ఎంతసేపు తెరుచుకుందో చెప్పదు. తాతగారి బొమ్మ తీసి, కడిగించాక ఖాళీ ఫిలిం చేతికొస్తే ఏం చేస్తారు?

కాబట్టి డబ్బు ఇవ్వకముందే పరీక్షించాలంటాను. ఇందుకు ప్రయోగశాల అక్కర్లేదు.

లోపల ఫిలిం లేదని రూఢి చేసుకుని వెనుక తలుపు తెరవండి. వేగాన్ని 1 సెకనుకు పెట్టి, వెలుతురు వైపు తిప్పి (సూర్యుడి వైపు మాత్రం వద్దు) వెనుకనుంచి చూస్తూ మీట నొక్కండి. చేతిగడియారంతో పోల్చండి. రెండు సెకన్లు పట్టిందా? లోపలి పళ్లచక్రాల నూనె ఏళ్ల తరబడి ఎండి జిగురైపోయిందన్నమాట. నిదాన వేగాలను నడిపేవి ఆ చక్రాలే గనుక జబ్బు ముందు అక్కడే బయటపడుతుంది.

1/30 సెకనును కన్ను కొలవలేదు. ఇంట్లో ఎవరి ఫోనైనా సెకనుకు 240 చిత్రాలు తీయగలిగితే అడిగి తీసుకోండి. షట్టరు 8 చిత్రాలలో తెరుచుకుని కనపడాలి. 12 కనపడితే ఫిలిం మీద ఒకటిన్నర రెట్ల వెలుతురు పడుతున్నట్టే. 1/500 వంటి వేగాలకు ఈ ఉపాయం చాలదు; ఆ వ్యవధి ఒక చిత్రపు వ్యవధికన్నా చిన్నది.

తరువాత కటకం గుండా టార్చి వెలుగు పంపి చూడండి. సాలెగూటి పోగుల్లాంటివి కనపడితే అది బూజు. తేమలో మూసిపెట్టిన కటకాలకు పడుతుంది. గాజు పైపూతను తినేసిన బూజు తుడిచినా మచ్చ పోదు. నేనైతే అలాంటిది కొనను.

కాంతిమాపకం చెడితే కెమేరా దండగ అనేవారున్నారు. నేనొప్పుకోను. కొన్ని పాత మాపకాలు 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీ కోసం చేసినవి, నేటి 1.5 వోల్టుల బ్యాటరీ వేస్తే తప్పు చెప్పవచ్చు. అది లేకున్నా మండుటెండలో 100 అంకె ఫిలింకు ద్వారం 16, వేగం 1/125 పెట్టుకుంటే సరిపోతుంది. షట్టరుకే బ్యాటరీ కావలసిన కెమేరాల సంగతి వేరనుకోండి.

లోపలే ఫ్లాష్ ఉన్న కెమేరా పైమూత విప్పకండి. బ్యాటరీ తీసేసినా కెపాసిటరులో సుమారు 300 వోల్టులు నిలిచి ఉండవచ్చు.

ఇన్నీ అయినా, మొదటి ఫిలింను పెళ్లికి తీసుకుపోకండి. ఇంటి గోడనూ, వీధి చెట్టునూ తీసి, ఒక్కో బొమ్మకు ద్వారమూ వేగమూ నోటుపుస్తకంలో రాసుకోండి. తలుపు అంచున నల్లటి స్పంజి పొడిపొడి అయి వెలుతురు దూరుతోందో లేదో ఆ చుట్టలోనే తెలుస్తుంది.