పిల్లలకు వచ్చు కానుకలు

పుట్టినదినమునకో, అక్షరాభ్యాసమునకో వచ్చినవారు పిల్లల చేతిలో ఏదో ఒకటి పెట్టిపోవుట వాడుక. అందులో మనకు నచ్చనివియు ఉండును: తుపాకి బొమ్మ, రంగు పెచ్చులూడు ప్లాస్టిక్ సామాను, పదేండ్లు నిండని బాలునకు సెల్‌ఫోను. వీనినేమి చేయవలెననునది దేవదుర్గలో మనబోటి అల్పసంఖ్యాకులకు చిన్న ప్రశ్న కాదు. ఇచ్చినవారు పొరుగు కన్నడిగులైనచో, మనము మొగము చిట్లించుట వస్తువుపై అయిష్టముగా గాక తమపై చులకనగా తోచవచ్చును.

కానుక అంగీకారముతోనే పూర్తియగును. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 122వ సెక్షనులో, పుచ్చుకొనువారు గాని, వారి తరఫున మరియొకరు గాని అంగీకరింపవలెనని యున్నది. కావున వద్దనుట తలిదండ్రులకు తగని పని కాదు. ఎప్పుడు, ఎట్లు వద్దనవలెననునదే విచారింపదగినది.

హానిచేయు వస్తువు విషయమున మొగమాటము పనికిరాదు. 2021 జనవరి 1 నుండి పదునాలుగేండ్ల లోపు పిల్లల ఆటవస్తువులకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి యైనది. నమోదైన చేతివృత్తులవారి బొమ్మలకు మినహాయింపు కలదు. గుండీవంటి బ్యాటరీ ఊడివచ్చు బొమ్మను ఇంట నుంచరాదు. దానిని మ్రింగిన పసివాని అన్నవాహిక రెండు గంటలలోనే కాలవచ్చును.

హాని లేనిది, కేవలము మనకు నచ్చనిది యైనచో, అది మనది కాదు, పిల్లవానిది. వాని కన్నుగప్పి ఇతరులకిచ్చివేయుట వానికి దొంగతనము నేర్పుటయే. వాని నడిగి, వానిచేతనే అంగన్‌వాడికో, బడికో ఇప్పించుడు.

ఇక బదులు మాట. మనలో చదివింపులు, కన్నడిగులలో ముయ్యి: పేర్లు వేరైనను, వచ్చినదానిని గుర్తుంచుకొని తిరిగి ఇచ్చుట రెంటను కలదు. పెండ్లి ఖర్చులో అది ఆదుకొనును. కాని పసివాని బొమ్మను ఆ పద్దున కెక్కించినచో, ఇచ్చినవాడు ఆప్తుడు గాక అప్పులవాడగును. పంట కొను వ్యాపారి రైతు బిడ్డకు వెలగల వస్తువు తెచ్చినచో తండ్రి మరింత ఆలోచింపవలెను. అట్టిదానిని పిల్లవాడు చూడకమునుపే మృదువుగా వద్దనుట మేలు. ఏమి తేవలెనని అడుగువారికి తెలుగు పుస్తకమో, కన్నడ పుస్తకమో చాలునని ముందే చెప్పవచ్చును.

ఏది యెట్లున్నను, ఇచ్చినవారి యెదుట పిల్లవానిచేత వారి భాషలోనే కృతజ్ఞత చెప్పించుడు. వారు వెళ్లిన పిదప వారిని ఎగతాళి చేయకుడు. బొమ్మ నాలుగు నాళ్లలో విరిగిపోవును. పొరుగువారిని గూర్చి ఇంట విన్న మాట పిల్లవానితో చిరకాలముండును.