ఇంటి పనిముట్లు: బ్యాటరీ మేకుల గన్ను కొనేముందు

హోసూరు నుంచి ఒక సభ్యుడు వ్రాసిన వుత్తరానికే యీ నెల శీర్షిక అంతా కేటాయిస్తున్నాము. మూడు తరాలుగా వారిది వడ్రంగం. తండ్రిగారు ద్వారబంధాలూ వుయ్యాలబల్లలూ చేసి పేరు తెచ్చుకున్నవారు. కుమారుడు బెంగుళూరు ఫ్లాట్లలో బీరువాలు, పూజామందిరాలు, తలుపుల చుట్టూ పట్టీలు ఒప్పుకొని చేస్తున్నాడు. “గాలి గన్నూ కంప్రెసరూ పదో అంతస్తుకు మోయలేకపోతున్నాము. పిల్లవాడు అప్పు చేసి బ్యాటరీ గన్ను కొంటానంటాడు. కొనమంటారా, వద్దంటారా? కొంటే యేది?” అని పెద్దాయన అడిగారు. అప్పు మాట వచ్చింది గనుక వూరికే కంపెనీ పేరొకటి చెప్పి వూరుకోవడం మాకు భావ్యంగా తోచలేదు.

ఆ పిల్లవాడు చేసేది సన్నపు పట్టీల పని. చౌకట్టు చుట్టూ పట్టీ, ప్లైవుడ్ అంచుకు బీడింగు, గోడ అడుగున స్కర్టింగు, పైకప్పు మూలన కార్నీసు. అమెరికాలో దీనిని ట్రిమ్ పని అంటారు. యీ బ్యాటరీ గన్నులు పెరిగింది అక్కడి యిళ్ళలోనే. అక్కడి యిల్లు చాలావరకు కర్రల చట్రం. దానిమీద జిప్సం బోర్డు. గన్నులోంచి వెళ్ళిన మేకు పట్టీని దాటి, బోర్డును దాటి, కర్రలో కూర్చుంటుంది. మన గోడ యిటుకా సిమెంటూ. సన్నపు మేకు అందులో దిగదు. వంగిపోతుంది, లేదా యెగిరివచ్చి కంటికి తగులుతుంది. అమెరికా గన్నులను గూర్చి అక్కడివారు పొగిడి చెప్పే మాటలు వినేటప్పుడు యీ తేడా మరువరాదు.

కనుక పిల్లవాడు మొదట అడగవలసిన ప్రశ్న పట్టీ వెనుక యేముంది అని. వెనుక కర్రో, ప్లైవుడ్డో, ఎం.డి.ఎఫ్. పలకో వుంటే యీ గన్ను బంగారం. వెనుక గోడే వుంటే ముందు గోడకు ప్లగ్గులు దింపి, మరలతో ఒక కర్ర పట్టీని బిగించి, దానిమీద పైపట్టీని గన్నుతో కొట్టుకోవాలి. సిమెంటులో మేకులు దింపే గన్నులు వేరే వున్నాయి. అవి బరువైనవి, వాటి మేకులు లావు, సన్నని బీడింగు వాటి దెబ్బకు చీలిపోతుంది. రెండు పనులూ ఒక్క గన్నుతో అవుతాయని యే దుకాణదారు చెప్పినా నమ్మకండి. మరొక సంగతి: సన్నపు మేకు పట్టీని యేళ్ళ తరబడి మోసేది కాదు. జిగురు ఆరేవరకు పట్టుకుని వుండేదే అది. జిగురు పూయకుండా మేకులు మాత్రం కొట్టి వెళ్ళిన పట్టీ రెండు వేసవులు దాటేసరికి నోరు తెరుస్తుంది. బళ్ళారి వంటి యెండ వూళ్ళలో అంతకంటె ముందే.

ఇక మేకుల లావు. దీనిని గేజీలలో చెబుతారు. అంకె పెరిగితే మేకు సన్నం. 23 గేజి మేకు సుమారు 0.6 మిల్లీమీటర్లు, దానికి తల వుండదు, గుండుసూదివంటిది. అద్దం చుట్టూ పెట్టే చిన్న పట్టీకి, జిగురుతో కలిపితేనే, పనికివస్తుంది. 18 గేజి సుమారు 1.2 మిల్లీమీటర్లు. 16 గేజి 1.6, 15 గేజి 1.8 దాకా వుంటాయి. బరువైన టేకు చౌకట్టు పట్టీలకు 16 గేజి బాగా పట్టుతుంది, కాని సన్నపు బీడింగునూ ఎం.డి.ఎఫ్. అంచునూ చీల్చే ప్రమాదం వుంది, వదిలే రంధ్రానికి లప్పం కూడా యెక్కువ కావాలి. మన పిల్లవాడి పనిలో ముప్పాతిక పాలు 18 గేజితో సాగిపోతుంది. మేకు పొడవుకు ఒక లెక్క వుంది: పట్టీ మందానికి రెండింతలకు తగ్గకుండా, మూడింతలైతే మరీ మంచిది. 12 మిల్లీమీటర్ల పట్టీకి 30 మిల్లీమీటర్ల మేకు సరిపోతుంది. బజారులో ఎఫ్ 30 అని పెట్టెమీద వేసివుండేది అదే. ఎఫ్ పక్కనున్న అంకె మిల్లీమీటర్లలో పొడవు.

గన్ను లోపల మేకును తోసే బలం యెక్కడినుంచి వస్తుందన్నది అసలు తేడా. ధర యెందుకు మారుతుందో కూడా అక్కడే తెలుస్తుంది. అన్నిటికన్న పాతది గ్యాసు పద్ధతి. పాస్‌లోడ్ అనే అమెరికా కంపెనీ 1986లో దీనిని బజారులోకి తెచ్చింది. చిన్న గ్యాసు డబ్బా, చిన్న బ్యాటరీ; లోపల నిప్పురవ్వతో గ్యాసు పేలి మేకును తోస్తుంది. తేలిక, బలం వున్నవి. కాని డబ్బాలు మళ్ళీ మళ్ళీ కొనాలి, వాటిమీద గడువు తేదీ వుంటుంది, అప్పుడప్పుడు లోపల తుడవాలి, మూసివున్న గదిలో వాసన. చిన్న వూళ్ళలో గ్యాసు డబ్బా దొరకక ఆగిన పనికి కూలి యెవరిస్తారు? రెండవది చక్రం పద్ధతి. మోటారు ఒక బరువు చక్రాన్ని తిప్పి, ఆ వేగంతో మేకును కొడుతుంది. డీవాల్ట్ వారి గన్నులు యిటువంటివి. ట్రిగ్గరు నొక్కాక చక్రం వేగం అందుకునే క్షణం ఆలస్యం వుంటుంది, అలవాటైతే తెలియదు. మూడవది మూసివుంచిన గాలి. సిలిండరులో నైట్రోజనో గాలో బిగించి, మోటారుతో పిస్టనును వెనక్కు లాగి వదులుతారు. దెబ్బ తక్షణం పడుతుంది, గాలి గన్నుకు అలవాటుపడిన చేతికి యిదే హాయి. మిల్వాకీ, 2018 దాకా హిటాచీ పేరుతో అమ్మిన హైకోకీ వారి గన్నులు యీ తరహావి. కాని యెప్పుడైనా ఆ గాలి కారిపోతే యింట్లో మరమ్మతు కుదరదు, సర్వీసు వారి దగ్గరకే పోవాలి. నాలుగవది, గన్ను లోపలే చిన్న కంప్రెసరు పెట్టినది, ర్యోబీ వారి ఎయిర్‌స్ట్రైక్ వంటిది. రోజుకు నూటికి లోపు మేకులు కొట్టేవారికి, యింటి పని తామే చేసుకొనేవారికి అది చాలు.

బ్యాటరీ మీద 18 వోల్టులనీ, 20 వోల్టులనీ వ్రాసి తికమక పెడుతుంటారు. రెండూ ఒకటే. లోపల అయిదు సెల్లులు వరుసగా వుంటాయి. ఒక్కొక్కటి మామూలుగా 3.6 వోల్టులు, నిండా చార్జి అయినప్పుడు సుమారు 4. అయిదు మూడున్నర చిల్లర్లు 18, అయిదు నాలుగులు 20. ఆ అంకెకు అదనపు ధర కట్టనక్కరలేదు. అంతకంటె ముఖ్యం, చేతిలో వున్న డ్రిల్లింగు మిషను యే కంపెనీదో చూడటం. ఒక కంపెనీ బ్యాటరీ మరొక కంపెనీ గన్నుకు పట్టదు. పాత బ్యాటరీ పనికివస్తే బ్యాటరీ, చార్జరు లేకుండా గన్ను ఒక్కటే అమ్మేవి వుంటాయి. అక్కడ మిగిలే డబ్బు తక్కువేమీ కాదు.

బరువు మాట గూడ చెప్పాలి. గాలితో నడిచే 18 గేజి గన్ను సుమారు ఒక కిలో, కిలోంపావు. బ్యాటరీది బ్యాటరీతో కలిపి మూడు కిలోల దరిదాపు. నేలమీద స్కర్టింగు కొట్టేటప్పుడు యిది తెలియదు. నిచ్చెన యెక్కి తలమీద కార్నీసు కొడితే మధ్యాహ్నానికి మణికట్టు చెబుతుంది. అందుకని పెద్ద బ్యాటరీ ఒకటి కంటె చిన్నవి రెండు కొనుక్కోవడం మేలు.

కోస్తాలో వున్న మన వారికి, యానాం, బరంపురం వంటి చోట్ల, మరొక చికాకు. వుప్పు గాలికి మామూలు మేకు తుప్పుపట్టి, తెల్ల రంగు పట్టీమీద చుక్కచుక్కగా యెర్రటి మరకలు దించుతుంది. జింకు పూత వేసినవి కొనాలి. తడి తగిలే స్నానాలగది చౌకట్టుకు స్టెయిన్‌లెస్ అయితే నిశ్చింత.

గన్ను అనే పేరు వూరికే రాలేదు. 2011లో అమెరికా ప్రభుత్వపు రెండు సంస్థలు, ఓషా, నియోష్ అనేవి, కాంట్రాక్టర్ల కోసం ఒక చిన్న పుస్తకం వేశాయి. మేకుల గన్నుల దెబ్బలతో అక్కడ యేటా సుమారు 37,000 మంది ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళుతున్నారని అందులో వ్రాశారు. ట్రిగ్గరు వేళ్ళతో పట్టివుంచి, ముక్కు కర్రకు తగిలినప్పుడల్లా మేకు దూసుకుపోయే పద్ధతి ఒకటుంది. త్వరగా పని అవుతుంది. తొందరలో మోకాలికి తగిలినా మేకు పోతుంది. ప్రతిసారీ ముందు ముక్కు ఆనించి, తరువాత ట్రిగ్గరు నొక్కి, వదిలితేగాని రెండో మేకు రాని పద్ధతినే ఆ పుస్తకం మెచ్చుకుంది. పట్టీల పనిలో తొందర యెందుకు? రెండు పద్ధతులకూ మార్చే మీట వున్న గన్ను కొంటే, మీట నెమ్మదైన వైపే వుంచండి. సన్నపు మేకు కర్రలోని ముడి తగిలితే వంగి పక్కనుంచి బయటికి వస్తుంది. పట్టీని పట్టుకున్న యెడమచేతి వేళ్ళు మేకు పొడవు కంటె దూరంలో వుండాలి. మేకు యిరుక్కుంటే ముందు బ్యాటరీ తీసి, తరువాత ముక్కు విప్పాలి. ఒకవేళ మేకు చేతిలో లోతుగా దిగితే, పటకారుతో లాగే ధైర్యం యెవరూ చేయవద్దు. కదలకుండా గుడ్డ చుట్టి ఆసుపత్రికి పోవాలి. కళ్ళద్దాల ధర యెంత, కన్ను ధర యెంత అని మేము వేరే చెప్పనక్కరలేదు.

హోసూరు వారికి మా మాట యిది. కార్ఖానాలో బల్లమీద చేసే బీరువా పనికి గాలి గన్నును అమ్ముకోవద్దు. అది తేలిక, చౌక, మరమ్మతు సులువు. ఫ్లాట్లలో చివరి పనికి, అంటే పట్టీలు, బీడింగు, అక్కడక్కడ మిగిలిన నాలుగు మేకులకు, 18 గేజి బ్యాటరీ గన్ను ఒకటి చాలు. కంప్రెసరు మోతకు పక్కింటివారు తలుపు తట్టడం తప్పుతుంది, పైపు కొత్త గచ్చుమీద యీడ్చడం తప్పుతుంది. 16 గేజిది యిప్పుడు వద్దు. దానితో చేసే పని వచ్చినప్పుడు అద్దెకు దొరికితే తెచ్చుకోవచ్చు. అప్పు విషయం: ఒప్పుకున్న పనులు చేతిలో వుండి, యే నెలలో యెన్ని ఫ్లాట్లకు పట్టీలు వేస్తాడో పిల్లవాడు కాగితంమీద చూపగలిగితే కొననివ్వండి. నెలకు ఒకటి రెండు గదుల పనే అయితే, సుత్తీ, మేకు తలను లోపలికి దించే వుక్కు పోటూ యింకొక యేడు పనిచేస్తాయి. ఆ రెండింటితో తండ్రిగారు వేసిన పట్టీలు యిప్పటికీ చెక్కుచెదరక వున్నవి గదా!

అమెరికాలో వున్న మేనల్లుడి చేత తెప్పించుకుందామని మరి కొందరు అడుగుతున్నారు. అక్కడి యింటి కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడి చార్జరును మన ప్లగ్గులో పెడితే తరచు అక్కడికక్కడే కాలిపోతుంది. గ్యారంటీ కూడా సాధారణంగా సముద్రం దాటదు. తెప్పించక తప్పదనుకుంటే గన్ను మాత్రం తెప్పించి, దానికి సరిపోయే చార్జరు యిక్కడ దొరుకుతుందో లేదో ముందే విచారించుకోవాలి. విమానంలో గన్నును పెట్టెలో వేసి బరువుకు యివ్వాలి. విడి బ్యాటరీలు చేతిసంచిలోనే తేవాలి. మామూలుగా 100 వాట్-గంటల లోపువాటికి ప్రత్యేక అనుమతి అక్కరలేదు. 18 వోల్టుల, 5 ఆంపియర్-గంటల బ్యాటరీ హెచ్చవేస్తే 90 అవుతుంది.

దుకాణానికి వెళ్ళేనాడు జేబులో మూడు ముక్కలు వేసుకువెళ్ళండి: మీరు నిత్యం వాడే టేకు ఒకటి, ప్లైవుడ్ ఒకటి, ఎం.డి.ఎఫ్. ఒకటి. దుకాణదారు చూపే మెత్తని చెక్కమీద యే గన్నైనా చక్కగానే కొడుతుంది. మీ టేకులో పది మేకులు కొట్టించి, తలలు లోపలికి దిగాయో లేదో వేలితో తడిమి చూడండి. లోతు సరిచేసే చక్రం తిప్పి మళ్ళీ కొట్టించండి. ముక్కుకు రబ్బరు తొడుగు వుందా, అది పట్టీమీద గాటు పెట్టకుండా వుందా చూడండి. మేకును తోసే బ్లేడు అరిగితే మీ వూళ్ళోనో పక్క పట్టణంలోనో దొరుకుతుందా అని అడిగి, దొరుకుతుందని బిల్లుమీద వ్రాయించుకోండి.