రావిపాడువారి ఫ్రెంచి చుట్టాలు

ఈ శీర్షికలో ఇంతవరకు మన ఇంటిపేర్లే చెప్పుకున్నాం. ఈసారి మార్పుగా ఒక ఫ్రెంచి ఇంటిపేరు చూద్దాం. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం పాఠకులకు ఇదేమంత కొత్తగా ఉండదనుకుంటాను.

ఆ పేరు ట్రాంబ్లే. ఫ్రెంచిలో ‘ట్రాంబ్ల్’ అంటే ఒక జాతి చెట్టు. ఏ కాస్త గాలి వీచినా దాని ఆకులు మన రావి ఆకుల్లాగే వణుకుతాయి. వణకడం అనే మాటే ఆ చెట్టుకు పేరైంది. అలాంటి చెట్లు గుంపుగా ఉన్నచోటు ట్రాంబ్లే. మన లెక్కన రావిపాడు అన్నమాట! ఫ్రాన్సులో ఆ పేరున్న ఊళ్ళు చాలా ఉన్నాయి. అందుచేత అక్కడ ఇద్దరు ట్రాంబ్లేలు ఎదురైతే చుట్టాలని చెప్పలేం. మన వేములవారంతా ఒకే వేముల నుంచి రాలేదు కదా.

సముద్రం దాటాక కథ మారింది. ఫ్రాన్సులో పెర్ష్ అనే సీమలోని రాండొనే గ్రామంలో 1626లో బాప్తిస్మం పొందిన పియేర్ ట్రాంబ్లే, 1647లో లా రొషెల్ రేవులో ఓడ ఎక్కి, ఒప్పందపు కూలీగా కెనడాలోని క్యూబెక్ చేరాడు. 1657లో ఓజాన్ ఆషోన్ అనే అమ్మాయిని పెళ్ళాడాడు. ఆమెదీ లా రొషెల్ ప్రాంతమే. పన్నెండుమంది పిల్లలు. నలుగురు కొడుకుల ద్వారా ఇంటిపేరు నిలిచింది. ఉత్తర అమెరికాలో ఈనాడున్న ట్రాంబ్లేలు దాదాపు అందరూ ఆ దంపతుల సంతానమే. 2006లో క్యూబెక్ ప్రభుత్వ గణాంక సంస్థ లెక్క తీస్తే అక్కడ అన్నిటికంటే ఎక్కువగా ఉన్న ఇంటిపేరు ఇదే. సుమారు నూటికి ఒకరు!

అన్నదమ్ములు, మనవలు నదివెంట కిందికి దిగి షార్ల్‌వ్వా కొండల్లో పొలాలు చేసుకున్నారు. అక్కడా భూమి చాలక, 1838లో ఇరవై ఒక్కమంది వాటాదారులు కలిసి కలప కోతకని సాగెనే లోయకు మనుషుల్ని పంపారు. ఆ జట్టుకు ముందు నిలిచినవాడు అలెక్సీ ట్రాంబ్లే. ఊళ్ళో ట్రాంబ్లేలు ఎక్కువైపోయి ఎవరెవరో తెలియక అతన్ని ‘పికోతే’ అనేవారు, మచ్చలవాడని అర్థం. అమెరికా మిల్లుల్లో పనికి వెళ్ళినవారి పేరు ఇంగ్లీషు గుమాస్తాల చేతిలో పడి ట్రాంబ్లీ అయి కూర్చుంది. గుమాస్తాలు ఎక్కడైనా గుమాస్తాలే!

ఇంత వివరంగా ఎలా తెలిసిందంటే, చర్చి పుస్తకాల వల్ల. బాప్తిస్మాలు రాసిపెట్టాలని ఫ్రాన్సు రాజు 1539లోనే ఆజ్ఞ వేశాడు. కెనడా వెళ్ళిన పాదిరులు పుట్టుక, పెళ్ళి, చావు అన్నీ రాశారు. 1972లో సాగెనే ప్రాంతంలో వాటిని కంప్యూటరుకెక్కించే పని మొదలైంది. కొద్ది కుటుంబాలే పెరిగిన ఆ లోయలో కొన్ని వంశపారంపర్య జబ్బులు ఎక్కువ. అవి ఏ దారిన వచ్చాయో తెలుసుకోవడానికి ఈ వంశవృక్షాలు అక్కరకొచ్చాయి.

మా తమిళనాడు తెలుగువాళ్ళకు ఆ సదుపాయం లేదు. తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందుపెట్టుకోవడం ఇక్కడి ఆచారం. మా ఇంటిపేరులో చింతచెట్టుంది, కానీ మా అబ్బాయి బడి సర్టిఫికెట్టులో లేదు. సంబంధాలు చూసేటప్పుడు పెద్దవాళ్ళు అడిగితే తప్ప దాని ఊసే రాదు. ఆ అడిగే పెద్దలు కూడా ఏటేటా తగ్గిపోతున్నారు. బరంపురం, పుణే మిత్రులు సంతకంలోనైనా నిలుపుకున్నారని విని ముచ్చటపడ్డాను.

ఇంకొక సంగతి. ఆనాటి క్యూబెక్ పుస్తకాల్లో పెళ్ళయిన ఆడవాళ్ళను పుట్టింటి పేరుతోనే రాసేవారు. 1981 నుంచి అక్కడ అదే చట్టం. ఓజాన్ ఆషోన్ ఫలానావారి ఆడపడుచని మూడున్నర శతాబ్దాల తర్వాత మనకు తెలుస్తోంది. మా నాయనమ్మ పుట్టింటి పేరు నాకు తెలియదు. మా మేనత్త ఉన్నప్పుడు అడిగి రాసుకున్నవి నాలుగు పేర్లే.

పాఠకులు తమ ఇంటిపేరు, ఊరు, ఎప్పుడు వలస వచ్చారో రాసి పంపండి. అమ్మమ్మ, నాయనమ్మల పుట్టింటి పేర్లు కూడా రాయండి. తెలిసినంతే చాలు.