ముందు బరువు, తర్వాతే అడుగు

"నడువు బాపూ, ఎందుకట్ల నిలబడ్డవు?" కరీంనగర్ పల్లెల్లో పార్కిన్సన్స్ ఉన్న ఇళ్లలో వినిపించే మాట ఇది. అంటూనే కొడుకో కోడలో రెక్క పట్టి ముందుకు గుంజుతారు. పాదాలు నేలకు అతుక్కునే ఉంటాయి, ఒళ్లు మాత్రం ముందుకొస్తుంది. పెద్దమనిషి పడిపోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. ప్రేమతోనే చేస్తారు, కానీ ఆ గుంజడం ఆపాలి.

కుడికాలు లేవాలంటే ఒంటి బరువు ముందుగా ఎడమకాలి మీదికి ఒరగాలి. మనకు తెలియకుండానే సెకనులోపు ఆ పని జరిగిపోతుంది. పార్కిన్సన్స్ జబ్బుతో మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు నశించినవాళ్లలో ఆ ఒరుగుడు చిన్నదవుతుంది, ఆలస్యమవుతుంది. బరువు దిగని కాలు ఎట్లా లేస్తుంది? మోకాళ్లు వణుకుతాయి, పాదం కదలదు. దర్వాజ దగ్గర, ఇరుకు సందులో, వెనక్కి మళ్లేటప్పుడు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ఇందులో బద్ధకం లేదు, మొండితనం లేదు.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును వివరించినప్పుడే ముందుకు వంగే ఒంటి గురించి, నడక పరుగుగా మారడం గురించి రాశారు. మనం మాత్రం ఇప్పటికీ దీన్ని వణుకుడు రోగంగానే చూస్తున్నాం. ఈ జబ్బుకు వాడే లెవోడోపా గోళీలు బిగుసుకుపోయిన ఒంటిని బాగా సడలిస్తాయి. తూలినప్పుడు నిలదొక్కుకునే శక్తిని మాత్రం అంతగా తిరిగివ్వలేవు. చేతి వణుకు తగ్గిందని ఇంటిల్లిపాదీ సంబరపడుతుండగానే మనిషి బాత్‌రూం ముందు పడిపోయేది అందుకే.

కాలు ఆగిపోతే తోసుకుపోయే ప్రయత్నం మానాలి. నిటారుగా నిలబడి, ఊపిరి పీల్చుకుని, బరువును అటూ ఇటూ మార్చి, అప్పుడు పెద్ద అడుగు వేయాలి. పక్కనున్నవాళ్లు "ఒకటి, రెండు" అని లెక్కపెట్టాలి. దర్వాజ ముందు అడ్డంగా సుద్దగీతలు గీస్తే, గీత దాటాలన్న ధ్యాసతో చాలామందికి కాలు లేస్తుంది. అలవాటుగా నడిపించే దారి మూసుకుపోయినప్పుడు చూపు, వినికిడి మెదడుకు మరో దారి తెరుస్తాయి. మళ్లేటప్పుడు ఉన్నచోటే తిరగకుండా చుట్టి రావాలి. నడుస్తున్న మనిషి చేతికి చెంబు ఇవ్వొద్దు, ముచ్చట పెట్టొద్దు.

ఆ లెక్కకు కావాల్సిన లయకు మన దగ్గర కొదవ లేదు. బతుకమ్మ చుట్టూ చప్పట్లకు అడుగు కలిపిన తల్లులున్న జిల్లా కరీంనగర్. మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ తెచ్చిన గుస్సాడీ నాట్యం ఆదిలాబాద్‌ది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 2001 నుంచి పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు నాట్య తరగతులు నడుస్తున్నాయి. చప్పట్లకో డప్పు దరువుకో అడుగు వేయించే తరగతి మన జిల్లా ఆసుపత్రి వరండాలో ఎందుకు ఉండకూడదు?

ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి దాదాపు 300 కిలోమీటర్లు. నరాల డాక్టర్ కోసం ఎప్పుడో ఒకసారి పోగలరేమో గానీ, నడక సాధన కోసం వారం వారం పోలేరు. అందుకే ఆదిలాబాద్ రిమ్స్‌లో, కరీంనగర్ ప్రభుత్వాసుపత్రిలో గోళీలు రాసిన రోజే రోగిని లేపి, నడిపించి, మళ్లించి చూడాలి. ఇంటివాళ్లను పక్కనే నిలబెట్టి ఫిజియోథెరపిస్టుతో నేర్పించాలి. ఆశా కార్యకర్తలకూ ఈ జాగ్రత్తలు నేర్పితే అవి గూడేల దాకా చేరతాయి. దీనికి ఖరీదైన యంత్రం ఒక్కటీ అక్కర్లేదు. తుంటి విరిగాక ఆపరేషన్‌కు డబ్బు మంజూరు చేసే ప్రభుత్వం, విరగకముందు అరగంట నడక నేర్పడానికి ఒక మనిషిని ఇవ్వాలి.