కరివేపాకు ఉందా అక్కా?

ముందుగా ఒక ఒప్పుకోలు. అది దాచుకుంటే ఈ రాతకి అర్థం ఉండదు.

కొన్నేళ్ళ కిందట హైదరాబాదులో మేము అద్దెకున్న అపార్టుమెంటులో, పక్క ఫ్లాట్లోంచి రాత్రిపూట చప్పుళ్ళు వినిపించేవి. మొదట్లో ఏదో సామాను సర్దుకుంటున్నారులే అనుకున్నాం. కొన్నాళ్ళకి ఆ అబద్ధం మాకే నచ్చలేదు. ఒక దెబ్బ చప్పుడు, ఒక ఆడమనిషి గొంతు, వెంటనే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికే ఎక్కువ భయం వేసేది. మా ఆవిడ "ఒక్కసారి వెళ్ళి తలుపు కొట్టండి" అంది. నేనేం చేశానో తెలుసా? టీవీ సౌండు పెంచాను. పిల్లాడు వింటాడని సాకు.

మర్నాడు ఆయన లిఫ్టులో కనిపించాడు. మెడలో ఐడీ కార్డు, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, అచ్చం నాలాగే. "గుడ్ మాణింగండీ" అన్నాడు. నేనూ అన్నాను.

అదే వారం ఆఫీసులో మహిళా దినోత్సవం. గులాబీ రంగు కేకు కోశారు. వేధింపుల నివారణ మీద ఆన్‌లైన్ ట్రైనింగు ఇచ్చారు. నలభై స్లైడ్లు, చివర్లో క్విజ్. "మీ కళ్ళ ముందు ఒకరిని వేధిస్తుంటే మీరేం చేస్తారు?" అని ప్రశ్న, కింద నాలుగు ఆప్షన్లు. సరైనదే నొక్కాను. పదికి పది మార్కులు, ఒక సర్టిఫికెట్టు.

అంటే నాకు తెలియక కాదు. పదికి పది తెచ్చుకున్నవాడే టీవీ సౌండు పెంచాడు. తెలియడానికీ, లేచి వెళ్ళడానికీ మధ్య ఉన్న దూరం గురించే ఈ గోల అంతా. ఆ దూరం తగ్గించడానికి నేను చూసినవాటిలో బాగా పనిచేసేది నాటకం అని నా అభిప్రాయం. నవ్వకండి, చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

ఆ తర్వాత ఓ ఆదివారం ఒక మిత్రుడు నన్ను బలవంతంగా ఒక బస్తీలోని కమ్యూనిటీ హాలుకి లాక్కెళ్ళాడు. స్టేజీ లేదు, మైకు లేదు. జంపఖానాల మీద ఓ అరవై మంది కూర్చున్నారు, సగం పైగా ఆడవాళ్ళు. నాటకం పదిహేను నిమిషాలే. భార్య మళ్ళీ ఉద్యోగానికి వెళ్తానంటుంది. భర్త వద్దంటాడు. మాటా మాటా పెరిగి చెయ్యి చేసుకుంటాడు. అత్తగారు తల తిప్పుకుంటుంది. పక్కింటాయన కిటికీ మూసుకుంటాడు. అంతే, అయిపోయింది. (కిటికీ మూసినప్పుడు నా మొహం ఎలా ఉందో నేను చూసుకోలేదు కానీ, చెవులు మాత్రం వేడెక్కాయి.)

అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది. సూత్రధారి ముందుకొచ్చి, "ఇదే నాటకం మళ్ళీ మొదట్నించి వేస్తాం. ఎక్కడ వేరేగా చేసుండొచ్చు అనిపిస్తే అక్కడ 'ఆగు' అనండి. వచ్చి ఆ పాత్ర మీరు వెయ్యండి" అన్నాడు. ఒకటే షరతు. కొట్టేవాడి పాత్ర మాత్రం ఎవరూ తీసుకోకూడదు. వాడంతట వాడే మంచివాడైపోతే ఇంక సమస్యే లేదుగా, కానీ ఇంటికెళ్ళాక అలా జరగదు కదా అన్నాడు.

మన భాషలో చెప్పాలంటే ఇది బ్రేక్‌పాయింట్ పెట్టుకుని డీబగ్ చెయ్యడం. ప్రోగ్రాం ఆపు, ఒక విలువ మార్చు, మళ్ళీ నడిపించు, ఏమవుతుందో చూడు. పైగా ఇది టెస్ట్ మెషీన్. ఇక్కడ తప్పు చేస్తే ఎవరికీ దెబ్బ తగలదు.

పక్కింటాయన దగ్గర నేను "ఆగు" అన్నాను. ఎలా లేచానో నాకే తెలీదు. వెళ్ళి తలుపు కొట్టి, మీటింగులో మాట్లాడినట్టు, "చూడండి సార్, ఏదున్నా కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాను. భర్త పాత్రధారి చిరునవ్వు నవ్వాడు. "రండన్నా, టీ తాగుతారా? ఏం లేదు, మా ఇంటి విషయం. మీ ఇంట్లో గొడవలు రావా ఏంటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అర నిమిషంలో నన్ను గుమ్మం దాటించేశాడు. అందరూ నవ్వారు. వచ్చి కూర్చున్నాను.

తర్వాత ఒకావిడ లేచింది. నాలుగిళ్ళలో వంట చేస్తుందట. ఆవిడ భర్తతో అసలు మాట్లాడనేలేదు. నేరుగా లోపలికెళ్ళి, "అక్కా, కరివేపాకు ఉందా?" అంది. ఇచ్చాక కూడా కదల్లేదు. భార్య పక్కనే కింద చతికిలబడి కూర్చుంది. "ఆ, ఇచ్చిందిగా, వెళ్ళమ్మా" అన్నాడు భర్త. "వెళ్తాలే అన్నా, కాళ్ళు నొప్పులు" అంది. అంత నటన తెలిసినవాడికీ ఏం చెయ్యాలో తోచలేదు. ఎత్తిన చెయ్యి దించాల్సొచ్చింది.

నా నలభై స్లైడ్లలో ఈ ఆప్షన్ లేదు.

ఈ పద్ధతిని ఫోరం థియేటర్ అంటారు. దీని వెనక ఉన్న మనిషి బ్రెజిల్ నాటకకర్త ఆగస్టో బోల్ (1931-2009). 1973లో పెరూలో అక్షరాస్యత కార్యక్రమంలో పనిచేస్తుండగా ఆయన దగ్గరకి ఒకావిడ వచ్చిందట. ఆవిడకి చదువు రాదు. మొగుడు తన దగ్గర డబ్బు తీసుకుంటూ, ఇవి రసీదులు, జాగ్రత్త అని కాయితాలు ఇచ్చేవాడు. చదువొచ్చిన పక్కింటావిడ చూసి చెప్పింది, అవి రసీదులు కావు, అతనికి ఇంకొకావిడ రాసిన ప్రేమలేఖలని. రేపు ఇంటికొస్తున్నాడు, నేనేం చెయ్యాలి అని ఆవిడ ప్రశ్న. బోల్ బృందం దాన్ని నాటకంగా వేసి ప్రేక్షకుల్ని సలహా అడిగింది. ఒక భారీ మనిషి, "అతనితో స్పష్టంగా మాట్లాడాలి" అంది. నటి ఎన్నిసార్లు చేసి చూపించినా, "ఇది కాదు, స్పష్టంగా" అంటూనే ఉంది. విసిగిపోయి, నువ్వే వచ్చి చూపించమ్మా అన్నాడాయన. ఆవిడ వచ్చి చీపురందుకుని మొగుడి పాత్రధారిని వాయించి, ఆ తర్వాత క్షమించిందట. చీపురే పరిష్కారం అని నేను అనట్లేదు. కానీ ఆవిడ మనసులో "స్పష్టంగా" అంటే ఏంటో, ఆవిడ లేచి చేసేదాకా అక్కడెవరికీ అర్థం కాలేదు. మన దేశంలో ఈ పద్ధతిని పల్లెలకి తీసుకెళ్ళింది పశ్చిమ బెంగాల్లో 1985లో మొదలైన జన సంస్కృతి బృందం.

సరే, ఇదంతా విదేశీ సరుకు, మనకెందుకు అంటారేమో. మన సంగతీ చూద్దాం.

గురజాడ కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శించారు. 1897లో అచ్చయిన పుస్తకానికి ఆయన ఇంగ్లీషులో రాసిన ముందుమాట చదివారా? అందులో ఏముందో తెలుసా, డేటా! విజయనగరం మహారాజు విశాఖ జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళ జాబితా రాయించారు. దొరికినవే 1034. అందులో 99 మంది పిల్లలు ఐదేళ్ళవాళ్ళు. ముగ్గురు ఏడాది పసికందులు. ఇంత లెక్క చేతిలో ఉన్న మనిషి దాన్ని రిపోర్టుగా రాసి ఊరుకోలేదు. నాటకం రాశాడు. లెక్క చూసి అయ్యో అనుకుంటాం, నాటకం చూస్తే అందులో మన ఇల్లు కనబడుతుంది. ఆ తేడా ఆయనకి తెలుసు.

ఢిల్లీలో 1979లో వరసగా కోడళ్ళు "స్టవ్వు పేలి" చచ్చిపోతున్నప్పుడు, ఆ మహిళా ఉద్యమంలోంచే ఓం స్వాహా అనే వీధి నాటకం పుట్టింది. అదే ఏడాది జన నాట్య మంచ్ ఔరత్ వేసింది. 1983లో 498ఎ వచ్చిందంటే అది నాటకాల వల్లే అని నేను చెప్పను. కానీ "ప్రమాదం" అని పోలీసులు రాసుకుంటున్నదాన్ని "హత్య" అని నడివీధిలో పిలిచినవాళ్ళలో ఆ నాటకాలవాళ్ళు ఉన్నారు.

ఇక నెల్లూరు. మాది నెల్లూరు జిల్లాయే. తొంభైల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో కళాజాతాలు ఊరూరా తిరిగాయి. నాకప్పుడు పదేళ్ళు. మా ఊరి రచ్చబండ దగ్గర పెట్రోమాక్స్ లైటు పెట్టి నాటకం వేశారు. తాగుబోతు పాత్రధారి తూలుతుంటే పిల్లలం పడీపడీ నవ్వాం. వాడు ఇంటికొచ్చి పెళ్ళాన్ని కొట్టే సీను రాగానే మా వెనకాల ఆడవాళ్ళ నవ్వు ఆగిపోయింది. మా అవ్వ పక్కన కూర్చున్న ఒకావిడ లేచి, "నాశనమైపోతావురా" అని ఆ నటుణ్ణి నిజంగానే తిట్టింది. బోల్ పేరు ఆవిడకి తెలిసే అవకాశమే లేదు. కానీ ఆయన చెప్పింది ఆవిడ అప్పటికే చేసేసింది.

ఆ అక్షరాస్యత పాఠాల్లోనే సారా దుకాణాన్ని మూయించిన సీతమ్మ కథ ఉండేది. దూబగుంట ఆడవాళ్ళు 1992 నాటికి ఆ పని నిజంగా చేసి చూపించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మళ్ళీ మద్యం వచ్చేసిందనుకోండి. గెలుపు శాశ్వతం కాదు. కానీ అక్షరాలు దిద్దుకోవడానికి వచ్చినవాళ్ళు ప్రభుత్వాన్ని కదిలించారు. ఇది నేను చదివిన సంగతి కాదు, మా జిల్లాలో జరిగింది.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. చట్టాలున్నాయి కదా, ఇంకా నాటకాలేంటి?

చట్టం ఉంది. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. దాంట్లో నాలుగో సెక్షన్ మనలో చాలామందికి తెలీదు. హింస జరుగుతోందని నమ్మకం ఉంటే ఎవరైనా, అంటే పక్కింటివాడైనా సరే, రక్షణాధికారికి చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాడి మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. టీవీ సౌండు పెంచిన రాత్రి నాకు ఆ రక్షణ ఉంది. వాడుకోలేదు, అంతే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, కొట్టడానికి ఏడు కారణాలు చెప్పి, వీటిలో ఏ ఒక్కదానికైనా భర్త భార్యని కొట్టడం సబబేనా అని అడిగారు. చెప్పకుండా బయటికెళ్ళడం, వంట సరిగా చెయ్యకపోవడం, ఇలాంటివి. తెలంగాణలోనూ, ఆంధ్రలోనూ దాదాపు 84 శాతం మంది ఆడవాళ్ళు సబబేనన్నారు. ఆడవాళ్ళు! చట్టం పోలీస్ స్టేషన్లో ఉంటే, ఈ 84 శాతం వంటింట్లో ఉంది. అక్కడికి సెక్షన్ నంబర్లు వెళ్ళలేవు. కరివేపాకు అడుగుతూ వెళ్ళాల్సిందే.

నాటకానికీ హద్దులున్నాయి, కాదనను. ఒకటి, నీతులు చెప్పే నాటకం ఎవరినీ మార్చదు. ఆఫీసు లాబీలో అయిదు నిమిషాల స్కిట్, చివర్లో ప్లకార్డులు, ఫోటోలు... నేనూ వేశాను అలాంటివి. అది కేకు కొయ్యడం లాంటిదే. రెండు, నాటకంలో నోరు విప్పిన ఆడమనిషి ఆ రాత్రి ఇంటికెళ్ళాక ఏమవుతుంది? ఈ ప్రశ్నకి జవాబు లేకుండా నాటకం వెయ్యడం ప్రమాదం. నేను చూసిన బృందం ఒక కౌన్సిలర్‌ని కూడా వెంట తెచ్చుకుంది. 181 హెల్ప్‌లైను నంబరు అందరిచేతా పలికించింది. ఒకసారి వేసి వెళ్ళిపోలేదు, నెలకోసారి అదే బస్తీకి వచ్చేది. మూడు, మగాళ్ళు రారు. ఇది మాత్రం మన చేతిలో ఉంది. మనం వెళ్ళొచ్చు.

నేననేది ఒకటే. మన గేటెడ్ కమ్యూనిటీల్లో వినాయక చవితికి డీజేకి ఎంత ఖర్చు పెడతామో, లడ్డూ వేలం ఎంతకి పోతుందో మీకు తెలుసు. అందులో కొంచెం తీసి ఏడాదికి ఒక్క సాయంత్రం ఒక మంచి నాటక బృందాన్ని పిలిపిద్దాం. ఊరికే కాదు, డబ్బులిచ్చి. అమెరికాలో ఉన్న మిత్రులారా, మీ తెలుగు సభల్లో సినిమా పాటల డాన్సుల మధ్య ఒక్క గంట అడగండి. డిపెండెంట్ వీసా మీద వచ్చి, కారు లేక, చేతిలో డబ్బు లేక, పక్కింట్లో ఎవరుంటారో కూడా తెలియని అమ్మాయికి ఆ గంట ఎంత అవసరమో నాకన్నా మీకే బాగా తెలుసు. హింస బస్తీల్లోనే ఉంటుంది, మన దగ్గర లేదు అనుకునేవాళ్ళకి మా లిఫ్టులో గుడ్ మాణింగ్ చెప్పినాయన్ని గుర్తుచేస్తున్నాను.

ఇంతకీ ఆ పక్క ఫ్లాటు సంగతి.

నాటకం చూసొచ్చిన మూడోవారమో ఎప్పుడో, రాత్రి పదిన్నరకి మళ్ళీ చప్పుడు వినిపించింది. టీవీ ఆపేశాను. మా ఆవిడా నేనూ ఇద్దరం వెళ్ళి బెల్లు కొట్టాం. ఆయనే తీశాడు. నా గొంతు వణికింది. "కరివేపాకు ఉందాండీ" అన్నాను. రాత్రి పదిన్నరకి! ఆయనకి అర్థమైంది. నాకు అర్థమైందని కూడా ఆయనకి అర్థమైంది. మా ఆవిడ చెప్పులు విప్పి లోపలికెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది, అరగంట కదల్లేదు. వచ్చేటప్పుడు తన ఫోన్ నంబరూ, 181 ఇచ్చి వచ్చింది.

ఆ రాత్రికి చప్పుడు ఆగింది. ఆ తర్వాత ఆవిడ రెండుమూడుసార్లు మా ఇంటికొచ్చింది, ఒకసారి చాలాసేపు మాట్లాడింది. నాలుగు నెలలకి వాళ్ళు ఇల్లు ఖాళీ చేసేశారు. ఆవిడ జీవితం బాగుపడిందని చెప్పి ఈ రాతని ముగించాలని ఉంది కానీ, నాకు తెలీదు. మేము మొదటి రాత్రే వెళ్ళుంటే ఏమయ్యేదో కూడా తెలీదు. అది మళ్ళీ మొదట్నించి వెయ్యడానికి కుదరదు కదా.

మీ పక్క ఫ్లాట్లో ఏం వినిపిస్తోంది? మీరేం చేస్తున్నారు?